సేవ్యాను కరిచిన కొర్రమట్ట

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో ఇత్తడి బిందె బావిలో పడితే ఆడవాళ్లు మొదట "అయ్యో" అనేవాళ్లు, ఆ వెంటనే "సేవ్యాను పిలువుండ్రి" అనేవాళ్లు. తాడుకు ఇనుప కొక్కేల గుత్తి కట్టి అడుగున తిప్పితే చేదలు తగులుకునేవి, అదృష్టం బాగుంటే బిందెలూ తగులుకునేవి. కొక్కేనికి అందనిదీ, బురదలో కూరుకుపోయిందీ, రాళ్ల సందున ఇరుక్కుందీ మాత్రం సేవ్యా పాలు. ఎవరో ఒకరు సైకిలెక్కి గుట్టకింది తండాకు పోయి కబురు చెబితే చాలు, చేతిలో ఉన్న పని ఉన్నట్టే వదిలి బయల్దేరేవాడు.

సేవ్యా పొట్టి మనిషి. మెడ కురచ, ఛాతీ డోలంత. ఒకసారి గాలి పీల్చి మునిగాడంటే, గట్టు మీది వాళ్లు ముచ్చట్లలో పడి, అతన్ని మరిచిపోయి, మళ్లీ గుర్తొచ్చి "అరే, మనిషి రాకపాయెనేంది" అని కంగారు పడేదాకా పైకి వచ్చేవాడు కాదు. వచ్చాక ఆ కంగారు మొహాలను చూసి నవ్వేవాడు. పోయిన బిందెతో పాటు, పోయిందని అందరూ మరిచిపోయిన వస్తువు కూడా ఏదో ఒకటి తెచ్చేవాడు. చంటిపిల్ల కడియమో, తాళంచెవో, మూడేళ్ల కింద పడిన కంచు గ్లాసో. దాన్ని గట్టు మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఎవరిదో వాళ్లు గుర్తుపట్టి తీసుకునేదాకా అది అక్కడే ఉండేది. మరొకరు ముట్టేవాళ్లు కాదు. ఆ రోజుల్లో అదేమీ గొప్ప సంగతి అని ఎవరూ అనుకోలేదు.

దిగే ముందు అతనికొక పద్ధతి ఉండేది. చెప్పులు దూరంగా విడిచి, మెట్ల చివరికి దిగి, దోసెడు నీళ్లు కళ్లకద్దుకుని, "యాడీ, నీ ఇంట్లకొస్తున్న, కోపం జెయ్యకు" అనేవాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. గంగమ్మ తల్లి అతనికి అమ్మే. ఒకరింటికి పోయినప్పుడు వాకిట్లో నిలబడి పిలుస్తాం కదా, అలాగ. ఊపిరి కూడా గట్టు మీదే నిండా తీసుకుని పోవాలని అతని నియమం. "అమ్మ ఇంట్ల సామాను దెచ్చుకుంటున్నం. అక్కడి గాలి గూడ వాడుకుంటమా?" అనేవాడు. నీళ్లలో గాలి ఎక్కడిదని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అతను అంత నమ్మకంగా చెప్పేవాడు మరి.

ఇచ్చింది తీసుకునేవాడు. శేరు జొన్నలిచ్చినా సరే, పాత ధోవతి ఇచ్చినా సరే. రాజేశ్వర్ పటేల్ తల్లి అరుణమ్మ మాత్రం, సేవ్యా తమ బావిలో దిగిన చప్పుడు వినగానే పొయ్యి రాజేసేది. ఒణుకుతూ పైకి వచ్చేసరికి వేడి జొన్నరొట్టె, మీద పచ్చిమిరప కారం సిద్ధంగా ఉండేవి. "ఎండకాలమైనా బాయి నీళ్లు బాయి నీళ్లే కొడుకా, ముందుగాల కడుపుల వేడి పడనియ్యి" అని, రొట్టె చల్లారకుండా రెండోది పెనం మీదే ఉంచేది.

డెబ్బై నాలుగులో నిజాంసాగర్ దగ్గర నీళ్ల కింద ఏదో తూము తలుపుల పని పడింది. గుత్తేదారు విశాఖపట్నం నుంచి పోలారావు అనే ఈతగాణ్ణి రప్పించాడు. పోలారావు వీపుకు ఇనుప గాలిబుడ్లు కట్టుకుని, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని, కాళ్లకు బాతు కాళ్లలాంటి రబ్బరు రెక్కలు తొడుక్కుని గంటసేపు నీళ్లలో ఉండేవాడు. ఆ బుడ్లు మోయడానికీ, తాడు పట్టుకోవడానికీ నీళ్లంటే భయం లేని మనిషి కావాలంటే బాన్సువాడ వాళ్లు సేవ్యా పేరు చెప్పారు.

ఇద్దరికీ మొదటి రోజే కుదిరింది. పోలారావు చుట్ట పంచుకునేవాడు, సేవ్యా రొట్టె పంచుకునేవాడు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, మిగతా సగానికి ఇద్దరూ నవ్వేవాళ్లు.

"అన్నా, సముద్రంల ఏదన్న నిన్ను కరిచిందా?" అని అడిగాడు సేవ్యా ఒక మధ్యాహ్నం.

"ఎందుకు కరవలేదు తమ్ముడూ! అండమాన్లో పగడాల దిబ్బలని ఉంటాయిలే, నీళ్లడుగున పూలతోట లాగుంటాది. అక్కడ నా పక్క నుంచి సొరచేప ఎల్లిపోయింది, కన్నెత్తి సూడలేదు. ఇదిగో, ఇంత చేప," అని అరచెయ్యి చూపించాడు పోలారావు, "పసుపు చారలు, నీలం మూతి, పెళ్లికొడుకు లాగుంది. ముద్దొచ్చిందని దగ్గరకెల్లాను. దాని గుడ్ల గుంట అక్కడుందని నాకేటి తెలుసు? వొచ్చి నా రబ్బరు రెక్క కొరికేసింది. ఎనక్కి తిరిగితే సెవి కొరికింది. ఓలమ్మో, పడవెక్కేదాకా తరివింది!"

"గింత చేపకు భయపడ్డవా?" సేవ్యా పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా బాయిలల్ల చేపలు నేనొస్తున్ననంటే జరిగి తొవ్వ ఇస్తయి అన్నా!"

"నవ్వు నవ్వు," అన్నాడు పోలారావు, చెవి తడుముకుంటూ.

పని చివరి రోజు పోలారావు ఆ బుడ్లు సేవ్యా వీపుకు కట్టి, గొట్టం నోట్లో పెట్టి, ఒడ్డు పక్కనే నడుం లోతులో ముంచాడు. సేవ్యా మునిగాడు. అలవాటుగా ఊపిరి బిగబట్టాడు. పీల్చమని పోలారావు వీపు మీద తట్టాడు. పీల్చాడు. నీళ్లలో ఊపిరి ఆడింది! ఆ క్షణమే ఎవరింట్లోనో పెట్టె మూత తీసినవాడిలా దిగ్గున లేచి నిలబడ్డాడు. "వద్దన్నా, వద్దు, నాకు మంచిగనిపిస్తలేదు" అని బుడ్లు విప్పేశాడు. ఆ సంగతి ఇంటికి వచ్చాక భార్య జమ్లికి కూడా చెప్పలేదు.

నిజాంసాగర్‌లో పని చేసి వచ్చాడంటే తండాలో చిన్న విషయమా! పండగ నాడు నలుగురూ చుట్టూ చేరి అడిగేవాళ్లు. జమ్లికి గుబులు పట్టుకుంది.

"మంది కండ్లన్నీ నీ మీదనే ఉన్నయి. నరుని కంటికి నల్లరాయి పలుగుతదంటరు, నువ్వెంత?" అని సణిగి, కుట్టుబుట్ట ముందేసుకుంది. సేవ్యా మోటార్ల పనికి దిగినప్పుడు పానాను పళ్లతో కరిచి పట్టుకునేవాడు, ఒక పన్ను కొస అలాగే ఊడింది. అందుకని నడుముకు కట్టుకునే చిన్న చంచి కుట్టింది. ఎర్రగుడ్డ మీద పసుపు, పచ్చ దారాలు. చుట్టూ గవ్వలు. వాటి మధ్య ఒకదాన్నొకటి ఆనుకుని బొట్టుబిళ్లంతేసి అద్దాలు. ఎవడైనా చెడ్డ చూపు చూస్తే ఆ చూపు అద్దానికి తగిలి వాడికే తిరిగిపోవాలి. అది వాళ్ల ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా ఉన్న పని. జమ్లి పైటకొంగు నుంచి జాకెట్టు చేతుల దాకా అద్దాలే, ఎండలో నడిచి వస్తుంటే మిలమిల మెరిసేది.

"పానా దీంట్ల వెట్టుకో. దేవుని కాడ వెట్టి తెచ్చిన," అని తనే ముడి వేసింది. సేవ్యాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ చంచి కట్టుకుని మొదట దిగింది రాజేశ్వర్ పటేల్ బావిలోనే.

ఆ ఏడు వానలు తొలకరి బాగా కురిసి, నాట్ల ముందు మొండికేశాయి. కాలువ అందని గట్టు పొలాలకు మోటారే దిక్కు. సరిగ్గా అప్పుడే పటేల్ మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టింది. బావిలోకి దిగిన గొట్టం చివర ఫుట్‌వాల్వు ఉంటుంది, నీళ్లు వెనక్కి జారిపోకుండా ఆపే మూత. అందులో ఏదో ఇరుక్కుంది. పక్క మడిలో నారు పచ్చదనం పోయి పసుపు తిరుగుతోంది. నాట్లకు వస్తామని తండాలో సగం ఇళ్ల వాళ్లు పటేల్‌కు మాటిచ్చి కూచున్నారు.

సేవ్యా వచ్చాడు, బామ్మర్ది ధన్‌సింగ్‌ను తాడు పట్టుకోవడానికి తోడు తెచ్చుకున్నాడు. నీళ్లు కళ్లకద్దుకున్నాడు, యాడీ అన్నాడు, మునిగాడు. వాన లేక నీళ్లు తేటగా ఉన్నాయి. నడినెత్తిన సూర్యుడు, ఎండ కమ్మీల్లాగా అడుగుదాకా దిగింది. గొట్టం వెంట జారుతూ పోయి వాల్వు మీద చెయ్యి వేశాడో లేదో, ఎవరో రాయి విసిరినట్టు నడుం మీద ఠపీమని తగిలింది.

గోడ రాయి ఊడిందేమో అనుకున్నాడు. పానా తీయబోయాడు. మళ్లీ ఠప్! చెయ్యి నడుం మీదికి పోయేసరికి బొటనవేలి మొదట్లో సూదులు దిగాయి. ఇంతకాలం బావుల్లో దిగినవాడు, ఆ రోజు నోట్లో గాలంతా బుడగలు బుడగలుగా వదిలేసి పైకి తన్నుకొచ్చాడు.

"బాయిల ఎవడో ఉన్నడు!"

రాజేశ్వర్ వంగి చూశాడు. ధన్‌సింగ్ వంగి చూశాడు. నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి ముద్ద ఒకటి కదులుతోంది. సన్నసన్నటి చేపపిల్లలు. వాటి కింద నల్లగా, మోచెయ్యంత పొడుగు కొర్రమట్ట ఒకటి పైకి తేలి గుటుక్కున గాలి మింగి, మళ్లీ కిందికి పోయి కాపలా కాస్తోంది.

"ఓ, గదా," అంది అరుణమ్మ. "నీళ్లల్ల పురుగు వడొద్దని పోయిన ఏడు నేనే ఇడిసిన. పిల్లలు వెట్టిందా తల్లీ!"

"బావా," అన్నాడు ధన్‌సింగ్, సేవ్యా చేతి నెత్తుటిని తుడుస్తూ, "నిజాంసాగర్ల మొసళ్లను దాటొచ్చిన మొగోడివి. కూరకొచ్చే చేప కరిచిందని తండాల ఎట్ల జెప్పాలె?"

"నువ్వు దిగి చూడు, తెలుస్తది."

ధన్‌సింగ్‌కు పట్టుమని పది అంకెల ఊపిరి కూడా ఆగదు కానీ ఈత వచ్చు. దిగాడు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఈదాడు. కొర్రమట్ట అతని చుట్టూ ఒకసారి తిరిగి, పట్టించుకోకుండా పిల్లల దగ్గరకు వెళ్లిపోయింది. ఆ పొద్దంతా సేవ్యా మనసులో ముల్లు గుచ్చుకుంది అక్కడే. ఆ చేప ధన్‌సింగ్‌ను ఏమీ అనలేదు. తనను మాత్రమే కరిచింది.

"నీతోటే పగ వట్టింది బావా," అన్నాడు ధన్‌సింగ్ గట్టెక్కి, ఒళ్లు దులుపుకుంటూ. "ఎన్నడన్న దాని చుట్టాలను కూరొండుకున్నవా ఏంది?"

"నారు పోతది సేవ్యా," అన్నాడు రాజేశ్వర్. "బెస్తోళ్లను పిలుస్త. వల ఏసి పట్టుకపోతరు, గంటల పని."

సేవ్యా ఆ ఎర్రటి ముద్ద వైపు చూశాడు. తల్లిని పట్టుకుపోతే అవి ఒక పూట కూడా బతకవు. "రెండొద్దులు ఆగు పటేలా. పిల్లలున్నది గద. తప్పు నా తానే ఏదో ఉన్నది, నేను సరిజేసుకుంట."

ఆ తప్పేమిటో అతనికి తెలుసు, లేదా తెలుసనుకున్నాడు. నీళ్లలో ఊపిరి పీల్చాడు. ఒక్కసారే, ఒక్క గుక్కే. అయినా పీల్చాడు. పైగా అడగకుండా పీల్చాడు. ఇంకా పైగా, పోలారావును చేప కరిచిందంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. చేపలు తనకు తొవ్వ ఇస్తాయని గొప్పలు పోయాడు. అమ్మ వినదా? అన్నీ వింటుంది. ఇక తన ఇంట్లోకి రావద్దని ద్వారం దగ్గర కాపలా పెట్టింది.

ఇంటికి వెళ్లి జమ్లికి మొత్తం చెప్పాడు. జమ్లి తిట్టలేదు. "అమ్మ గద, అడుక్కుంటే ఇంటది," అని గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి వేసి నైవేద్యం వండింది. తండా అంతా కొలిచే సేవాలాల్ మహారాజ్‌కు చూపించి, గంగమ్మకని ఆకులో కట్టింది. కట్టి ఊరుకోక, మంచి రోజు మంచిగా కనబడాలని ఆ చంచి తీసుకుని చింతపండుతో, మెత్తటి బూడిదతో అద్దం అద్దాన్నీ తోమి, కొంగుతో తుడిచి తళతళలాడించింది.

మర్నాడు మధ్యాహ్నం నైవేద్యం నీళ్లలో వదిలి, చెవులు పట్టుకుని గుంజీలు తీసి సేవ్యా దిగాడు. ఈసారి చేప అతను అడుగుకు చేరేదాకా కూడా ఆగలేదు. సగం లోతులోనే బాణంలా వచ్చి పొట్ట మీద గుద్దింది. తిరిగి గుద్దింది. చంచి పక్కన చర్మం పట్టుకుని ఊపింది. సేవ్యా పైకి వచ్చేసరికి నడుం చుట్టూ పళ్ల గాట్లు, గుడ్డ మీద నెత్తురు మరక.

ఎవరూ జోకు వేయలేదు. ధన్‌సింగ్ కూడా. అరుణమ్మ పసుపు తెచ్చి అద్దింది. రొట్టె చేతిలో పెట్టింది. సేవ్యా దాన్ని తినకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇగ అయిపోయింది అవ్వా," అన్నాడు. "తల్లి నన్ను వద్దంటుంది. చెరుకు కొట్ట పోత. నీళ్ల మొకం చూడ."

అరుణమ్మ దగ్గరకు జరిగింది. అతని తల మీద తడి తన కొంగుతో తుడిచింది, చిన్నపిల్లవాడికి తుడిచినట్టు.

ఆ సాయంత్రం బాన్సువాడ బజారుకు పోయి తిరిగి వస్తూ సేవ్యా దారిలో కనబడిన బావినల్లా తప్పించుకుని నడిచాడు. ఒకరి బావి దగ్గర చేద జారిందని ఆడవాళ్లు కేక వేస్తే వినబడనట్టు ముందుకు పోయాడు. నాలుగడుగులు వేశాక ఆగి వెనక్కి చూశాడు. కొక్కెం వాళ్లే తిప్పుకుంటున్నారు. తన ఛాతీ ఇంత వెడల్పుగా దేనికి పెరిగిందో అతనికి మొదటిసారి అర్థం కాలేదు. చెరుకు కొట్టడానికి చేతులు చాలు కదా.

మరుసటి రోజు పానా తిరిగి ఇచ్చి రావాలని బయల్దేరాడు. పానా పటేల్‌ది. జమ్లి కూడా వెంట వచ్చింది.

"నువ్వెందుకు?"

"నీ యాడి నాకు అత్త గాదా? అత్తతోటి కోడలు మాట్లాడుకుంటది. నడుమ నీకేం పని?"

పటేల్ మోటారు గది దగ్గర ఉన్నాడు. సేవ్యా అక్కడికి పోయి బావికి వీపు పెట్టి కూర్చున్నాడు. బెస్తవాళ్లకు కబురు పంపానని రాజేశ్వర్ మెల్లగా చెప్పాడు, తప్పు చేసినవాడిలా. నారు ఇంక ఆగదు. సేవ్యా తలూపాడు. జమ్లి మెట్లు దిగి నీళ్ల దగ్గర చతికిలబడి, చంచి మీది నెత్తురు మరకను ఉతకడం మొదలుపెట్టింది. పై మెట్టు మీద అరుణమ్మ.

కాసేపటికి జమ్లి కెవ్వున అరిచింది. సేవ్యా లేచి పరుగెత్తాడు. గట్టు చేరేలోపే ఆ అరుపు నవ్వయింది. ఆ నవ్వుకు అరుణమ్మ నవ్వు కూడా కలిసింది. ఇద్దరాడవాళ్లూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగిపోతున్నారు.

"ఏందే? ఏమైంది?"

"జూడు! గిటు జూడు!" జమ్లి చంచిని నీళ్లలో ముంచింది. ఎండ అద్దాల మీద పడి తళుక్కుమంది. ఎక్కడి నుంచి వచ్చిందో కొర్రమట్ట, వచ్చీరాగానే చంచిని ఠపీమని గుద్దింది. జమ్లి చంచి పైకి ఎత్తింది. చేప అయోమయంగా ఒక చుట్టు తిరిగి పిల్లల దగ్గరకు పోయింది. ముంచింది. వచ్చింది, గుద్దింది. ఎత్తింది. పోయింది. తర్వాత జమ్లి వట్టి చెయ్యి ముంచింది. చేప రాలేదు. అద్దాల జాకెట్టు చెయ్యి ముంచింది. పరుగున వచ్చి అద్దాన్ని మూతితో పొడిచింది.

"మనింట్ల పిట్ట ఏం జేస్తది?" అంది జమ్లి, నవ్వు ఆపుకోలేక. "గోడకు దువ్వెన అద్దం పెడితే పొద్దుగాల నుంచి ముక్కు పలిగేదాక పొడుస్తలేదా? ఇంకో పిట్టొచ్చింది, నా గూట్లకొస్తుంది అనుకుంటలేదా? గిది గూడ అంతే! నువ్వు దిగవడితివి. నడుము సుట్టు అద్దాలు. ఒక్క చేప గాదు, ఇరవై చేపలు దాని పిల్లల మీదికొస్తున్నట్టు కనవడ్డది దానికి. పాపం, ఎంత బుగులు వడ్డదో!"

సేవ్యా మెట్టు మీద కూలబడ్డాడు. మొన్న జమ్లి తోమి తళతళలాడించిన అద్దాలు, నిన్న చేప మరింత ఆగ్రహంతో రావడం, ధన్‌సింగ్‌ను వదిలేయడం, అన్నీ ఒక్కటొక్కటిగా వచ్చి పక్కన కూర్చున్నాయి. గంగమ్మకు కోపం లేదు. ఆ తల్లి ఒక్క గుక్క గాలి కోసం బిడ్డ మీద పగ పట్టే మనిషా? తనెంత మాటన్నాడు ఆమెను!

"యాడీ," అన్నాడు మెల్లగా, చేతులు జోడించి. 

ఈలోగా జమ్లి నవ్వు ఆగిపోయింది. చేతిలో చంచిని చూసుకుంటోంది. "అంటే నేను కుట్టిందే నిన్ను కరిపిచ్చిందా?" కళ్లలో నీళ్లు తిరిగాయి. "దిష్టి తగలొద్దని గద కుట్టిన. పొద్దుమీకి కూసొని కుట్టిన."

సేవ్యా ఆమె చేతిలోంచి చంచి తీసుకున్నాడు. తడిగా, బరువుగా ఉంది. "మరి తగిలిందా?" అన్నాడు. "గీ వానకాలమంత ఒక్క మనిషి కన్నన్న నాకు తగిలిందా? తండా అంత ఏడ్చినా నాకు జరం గూడ రాలె. మంది చూపు ఆపిందే ఇది. ఒక్క చేప చూపు ఆపలె, అంతే. చేపకు మన పద్ధతి ఏమెరుక?"

జమ్లి ముక్కు చీదింది. తర్వాత ఒక్క నిమిషం ఆలోచించి చంచిని లాక్కుని, లోపలిది బయటికి వచ్చేలా తిరగేసింది. ఇప్పుడు పైకి వట్టి ఎర్ర అస్తరు గుడ్డ, అద్దాలన్నీ లోపల. "గిట్ల కట్టుకో. నిన్ను కాపాడేటియి నీ దిక్కు చూస్తయి. దాని దిక్కు చూడవు."

"బెస్తోళ్లొచ్చేటాళ్లయింది," అన్నాడు రాజేశ్వర్ పై నుంచి. అతని గొంతులో కూడా ఆత్రం ఉంది. "దిగుతవా సేవ్యా?"

దిగాలంటే భయం పోలేదు. నడుం మీది గాట్లు ఇంకా చురుక్కుమంటున్నాయి. జమ్లి లెక్క తప్పయితే? ఇంకొకసారి కరిస్తే, ఇక నిజంగానే ఈ జన్మకు నీళ్లు లేవు. సేవ్యా చెప్పులు దూరంగా విడిచాడు. నీళ్లు కళ్లకద్దుకున్నాడు. ఛాతీ నిండా గాలి నింపుకున్నాడు.

"ఆగు కొడుకా," అని అరుణమ్మ ఇంట్లోకి పోయి, కూరగాయలు పెట్టుకునే సన్నటి వెదురు గంప తెచ్చింది. "వాల్ సక్కగయినంక దీన్ని దాని మూతికి కట్టు. మోటరు గుంజితే ఆ పసికూనలు అండ్ల వడిపోవా?" అది ఆమె రోజూ వాడే గంప. కూరగాయలు కొంగులో పెట్టుకుంటానంది.

సేవ్యా గంప తీసుకుని, పిల్లలున్న మూలకు దూరంగా, అవతలి గోడ వెంబడి మునిగాడు.

నీళ్లలో చప్పుడు ఉండదు. అతనికి తన గుండె చప్పుడే వినబడుతోంది. అడుగుకు చేరాడు. నల్లటి నీడ వచ్చింది. మొదట కాళ్ల దగ్గర, తర్వాత మోకాళ్ల దగ్గర. నడుం ఎదురుగా వచ్చి నిలబడింది. గుండ్రటి కన్ను, రెప్ప లేని కన్ను, అతన్ని చూసింది. సేవ్యా కదల్లేదు. నోటి మూల నుంచి ఒక్క బుడగ జారి పైకి పోయింది. చేప దాని వెంట తల ఎత్తి చూసింది. తోక ఒకసారి ఆడించి, ఎర్రగుడ్డను మూతితో ఇలా తాకి, వెనుదిరిగి పిల్లల వైపు పోయింది.

ఆ తర్వాతిది తెలిసిన పనే. పానా తీశాడు, మూత తిప్పాడు. లోపల చిరిగిన గోనెసంచి పీలిక చుట్టుకుని ఉంది. లాగి పారేశాడు. మూత బిగించి, వెదురు గంపను బోర్లించి తాడుతో నాలుగు పేట్లు కట్టాడు. గట్టు మీద ఈసారి ఎవరూ ముచ్చట్లు పెట్టుకోలేదు. అందరూ నీళ్లలోకే చూస్తున్నారు. పైకి తేలి, గుండెల నిండా గాలి పీల్చి, చెయ్యి ఎత్తి ఊపాడు.

రాజేశ్వర్ మీట వేశాడు. మోటారు దగ్గింది, గురగురలాడింది, గొట్టం కొసన మొదట బురద, తర్వాత తెల్లటి నీళ్లు ధారగా దుమికాయి. కాలువలో పడి నారుమడి వైపు ఉరికాయి. రాజేశ్వర్ వెంటనే సైకిలు మీద ఒక మనిషిని తోలాడు, బెస్తవాళ్లను దారిలోనే ఆపి, వచ్చినందుకు ఇన్ని బియ్యమిచ్చి పంపమని.

"పైకి రా బావా, రొట్టె సల్లారుతుంది!" ధన్‌సింగ్ కేకేశాడు. అతను ఎప్పుడొచ్చాడో తెలియదు, అప్పటికే ఒక రొట్టె తింటున్నాడు.

"ఒణుకుతున్నవు, రా కొడుకా," అంది అరుణమ్మ.

జమ్లి మాత్రం పిలవలేదు. మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని అతన్నే చూస్తోంది. "మరి చెరుకు కొట్ట ఎన్నడు పోదాం?" అని అడిగింది, మొహం మామూలుగా పెట్టి.

సేవ్యా ఆమెకు జవాబు చెప్పబోయాడు. కానీ అందుకు గాలి అవసరం. ఆ గాలి అతనికి ఇంకో పనికి కావాల్సి వచ్చింది. పీల్చుకుని, బావిలో పోయినదేమీ లేకపోయినా, తేవాల్సినదేమీ లేకపోయినా, మళ్లీ మునిగాడు.